బ్యాంకులో వేసిన నగదు మీద 69ఏ అడిషన్: అప్పీల్లో రుజువు భారం ఎవరిది, వినిపించుకునే హక్కు ఎంతవరకు?

పల్నాడు_పద్దు

ఆదాయపు పన్ను కేసు ఇదీ; వేరే చట్టం పేరు చెప్పని చోట సెక్షన్లన్నీ ఆదాయపు పన్ను చట్టం 1961వే. పల్నాడు రైతు. అసెస్‌మెంట్ ఏడాది 2019-20. సేవింగ్స్ ఖాతాలో ఏడాది మొత్తంలో నగదు జమ 14,60,000 రూపాయలు. రిటర్ను వేయలేదు. 148 నోటీసు (కేసు మళ్లీ తెరిచేది), ఆ తర్వాత 142(1) నోటీసులు (వివరాలు అడిగేవి) ఎప్పుడో పాన్ కార్డు తీసినప్పుడు ఇచ్చిన ఈ-మెయిల్‌కు వెళ్లాయి, ఎవరూ తెరిచి చూడలేదు. 2024 మార్చిలో 147 (తిరిగి అసెస్‌మెంట్)తో కలిపి 144 కింద ఆర్డరు, అంటే జవాబు రాకపోతే ఆఫీసరు తన అంచనాతో వేసేది. జమలన్నీ కలిపి 69ఏ అడిషన్ (లెక్క చెప్పని సొమ్మును ఆదాయంలో కలపడం), పన్ను 115బీబీఈ రేటుకు (అలాంటి సొమ్ముకు వేసే ప్రత్యేక రేటు).

ఫారం 35 (అప్పీలు ఫారం) ముప్పై రోజుల్లోపే పడింది. గ్రౌండ్లు (అప్పీలు కారణాలు) మాత్రం రెండు ముక్కలు: "సొమ్ము వ్యవసాయానిది", "ఆర్డరు అన్యాయం". ఇప్పుడు సీఐటీ అప్పీల్స్ (అప్పీలు వినే కమిషనర్) నుంచి 250 నోటీసు (అప్పీలు విచారణ నోటీసు) వచ్చింది.

రైతు చెప్పే లెక్క: మిర్చి అమ్మకం 7.2 లక్షలు, అదే ఖాతాలోంచి అంతకుముందు తీసిన డబ్బు మళ్లీ వేసింది 5 లక్షలు, బావమరిది దగ్గర చేబదులు 2.4 లక్షలు. ఈ సొమ్ము ఆదాయమని డిపార్ట్‌మెంటు రుజువు చేయాలా, కాదని రైతు రుజువు చేయాలా? నోటీసు అందకుండా ఇచ్చిన ఆర్డరు కదా, ఆ ఒక్క కారణం మీదే కొట్టేయించవచ్చా?

పైసా_పైసా

ముందు ఎంత ప్రమాదంలో ఉన్నారో చూడండి. 60 శాతం పన్ను 8,76,000. దాని మీద 25 శాతం సర్‌చార్జి 2,19,000. రెంటి మీద 4 శాతం సెస్సు 43,800. మొత్తం 11,38,800, అంటే అడిషన్‌లో 78 శాతం. వడ్డీ వేరు. 271ఏఏసీ కింద పన్ను మీద 10 శాతం పెనాల్టీ ఇంకా వేరు. మామూలు శ్లాబులు, బేసిక్ మినహాయింపు, ఖర్చుల తగ్గింపు ఏవీ వర్తించవు.

సర్కారు_జీడీపీ

రుజువు భారం గురించి తెలుగువాళ్లు మొదట తలచుకోవాల్సింది పరిమిశెట్టి సీతారామమ్మ కేసు, సుప్రీంకోర్టు 1965. పిఠాపురం రాజకుమార్తె, తర్వాత బరోడా మహారాణి అయిన సీతాదేవి దగ్గర పరిచారికగా ఉన్నావిడ. మహారాణి నుంచి వచ్చిన నగలూ డబ్బూ ఆదాయమేనని డిపార్ట్‌మెంటు పన్ను వేసింది. వచ్చిన సొమ్ము పన్ను వేయదగిన ఆదాయమని చూపే భారం డిపార్ట్‌మెంటుదే అని కోర్టు తేల్చింది. ఆదాయమని తేలాక, దానికి ఫలానా మినహాయింపు ఉందని చూపే భారం మాత్రమే పన్ను కట్టేవారిది. మీ రైతుకు ఇది నేరుగా పనికొస్తుంది.

బెంచి_క్లర్కు

నేరుగా పనికిరాదండీ. ఆ తీర్పు 1922 చట్టం నాటి సంవత్సరాలది. 68, 69 సెక్షన్లు 1961 చట్టంతో వచ్చాయి, 69ఏ 1964లో అందులో చేరింది. ఖాతాలో డబ్బు ఉంది, అది మీదే, వివరణ లేదు లేదా ఉన్నా తృప్తిగా లేదు అంటే దాన్ని ఆదాయంగా భావించవచ్చని 69ఏ చెబుతుంది. అంటే డబ్బు మీ చేతిలో ఉందని చూపడం వరకే ఏవో (అసెస్‌మెంట్ చేసే ఆఫీసరు) పని. బ్యాంకు స్టేట్‌మెంటుతో అది అయిపోయింది. మొదటి అడుగు రైతుదే.

అయితే ఆ సెక్షన్‌లో ఉన్నది "భావించవచ్చు" అనే మాట, "భావించాలి" కాదు. 1997లో పి.కె. నూర్జహాన్ కేసులో సుప్రీంకోర్టు 69లో ఉన్న ఇదే మాట మీద నిలబడింది. సుమారు ఇరవై ఏళ్ల యువతి భూమి కొన్నది, సోర్సు వివరణ నచ్చలేదు. వివరణ తృప్తిగా లేకపోయినా, ఆమె పరిస్థితిలో అంత ఆదాయం సంపాదించి ఉండడానికి వీల్లేనప్పుడు అడిషన్ చేసి తీరాలన్న నియమం లేదని తీర్పు. రైతుకు సేద్యం తప్ప వేరే వ్యాపారం, ఉద్యోగం లేవని రికార్డు మీద పెట్టడం అందుకే ముఖ్యం.

భారం ఒకచోటే ఉండిపోదు, అటూ ఇటూ మారుతుంది. మీరు పేరు, చిరునామా, కాగితం ఇచ్చారంటే బంతి అవతలి కోర్టులో పడుతుంది. ఒరిస్సా కార్పొరేషన్ కేసు, 1986: అప్పిచ్చినవాళ్ల వివరాలు అసెసీ (పన్ను పడినవాడు) ఇచ్చాడు, డిపార్ట్‌మెంటు సమన్లు పంపి, అవి తిరిగొస్తే ఊరుకుంది. అంతకు మించి తేల్చే పని డిపార్ట్‌మెంటుది, అసెసీ భారం తీరిపోయినట్టే అన్నారు.

తక్‌పట్టీ

కాగితం ఇస్తే చాలదు, కాగితం నమ్మేలా ఉండాలి. సుమతీ దయాళ్ కేసు, 1995. బెంగళూరు, మద్రాసు, హైదరాబాదు గుర్రప్పందేల్లో గెలిచానని క్లబ్బుల సర్టిఫికెట్లతో సహా చూపినా, అన్ని జాక్‌పాట్లు ఒకరికే తగలడం లోకం తీరుకు నమ్మశక్యం కాదని సుప్రీంకోర్టు అడిషన్‌ను నిలబెట్టింది.

ఇక మిర్చి 7.2 లక్షల సంగతి. ఏవో అడిగేవి ఇవి, మీరే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి:

ఎన్ని క్వింటాళ్లు, ఏ ధర? క్వింటాలు 9,000 అనుకుంటే 80 క్వింటాళ్లు. టిక్కీకి (మిర్చి బస్తాకు) 40 నుంచి 45 కిలోలు లెక్కేస్తే 178 నుంచి 200 టిక్కీలు. ఎకరాకు 20 క్వింటాళ్ల దిగుబడి చూపితే నాలుగెకరాల్లో మిర్చి ఉండాలి. అడంగల్‌లో, ఈ-క్రాప్ నమోదులో ఆ నాలుగెకరాలూ మిర్చి అనే ఉండాలి. అక్కడ పత్తి అని ఉంటే కేసు మొదటి పేజీలోనే పోతుంది.

జమ ఏ తేదీన? మిర్చి కోతలు జనవరి నుంచి ఏప్రిల్. సెప్టెంబరులో వేసిన డబ్బు మిర్చిదే అంటే సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉండి తర్వాత అమ్ముడుపోయి ఉండాలి. అప్పుడు స్టోరేజీ రసీదు, అద్దె కట్టిన కాగితం, సరుకు బయటికి తీసిన తేదీ కావాలి. చాలామంది తక్‌పట్టీ (కమీషన్ వ్యాపారి ఇచ్చే అమ్మకం చీటీ) పెట్టి ఇది మర్చిపోతారు, రిమాండ్ రిపోర్టులో (అప్పీల్లో పెట్టిన కాగితాల మీద ఏవో పంపే నివేదికలో) అదే పట్టుకుంటారు.

తక్‌పట్టీ మీద ఎవరి పేరు? ఇంట్లో తండ్రి పేరు మీద పట్టా, అమ్మింది కొడుకు పేరు మీద, జమ ఇంకొకరి ఖాతాలో అయితే ముగ్గురి సంబంధం అఫిడవిట్‌తో కలపాలి.

ఇంకొకటి. నగదు జమకు ధాన్యం అమ్మకం కారణంగా చెప్పేవాళ్లు జాగ్రత్త. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు అమ్మితే డబ్బు ఆన్‌లైన్‌లో ఖాతాకే వస్తుంది. నగదు జమకు ఆ వివరణ ఇస్తే మన కాగితమే మనకు ఎదురు తిరుగుతుంది.

పైసా_పైసా

7.2 లక్షలు స్థూల అమ్మకం కదా. మిర్చికి పెట్టుబడి తక్కువేం కాదు. కూలీలకు, మందులకు డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్న తప్పదు. అమ్మకం మొత్తం బ్యాంకులోకి వచ్చిందని చూపినప్పుడు పెట్టుబడికి పంట రుణం, అంతకుముందు ఏడాది నిల్వ, ఎరువుల కొట్టు అప్పు వంటివి విడిగా చూపాలి. లేకపోతే 7.2లో కొంత ఖర్చయిపోయి ఉంటుంది, జమ చేయడానికి మిగలదు అంటారు, అది సబబైన మాటే.

కౌలు_కాగితం

కౌలు భూమి ఉంటే? పట్టా యజమాని పేరు మీద ఉంటుంది, రాతకోత ఉండదు.

తక్‌పట్టీ

ఆంధ్రలో 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం ఉంటే అది మంచి ఆధారం, కానీ ఈ కేసు ఏడాదికి అది ఇంకా రాలేదు. కాబట్టి భూయజమాని అఫిడవిట్, ఆయన పాస్‌బుక్ నకలు, కౌలు ఇచ్చిన రుజువు (బ్యాంకులో వేసి ఉంటే సరే సరి), ఎరువుల బిల్లులు. వీఆర్వో ధ్రువపత్రం ఒక్కటే పెడితే పెద్దగా లెక్కచేయరు, ఎందుకంటే అది సాగు జరిగిందని చెబుతుంది గాని అమ్మకం గురించి ఏమీ చెప్పదు.

అఫిడవిట్ అంటే చిన్నచూపు వద్దు. మెహతా పరీఖ్ కేసు 1956 చదవండి. 1946లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఒక సంస్థ వెయ్యి రూపాయల నోట్లు 61 మార్చింది. ట్రిబ్యునల్ 31 నోట్లకు వివరణ నమ్మి 30 నోట్లకు నమ్మలేదు. క్యాష్‌బుక్‌ను ఎవరూ తప్పుపట్టలేదు, అఫిడవిట్లు ఇచ్చినవాళ్లను ఎవరూ ప్రశ్నించలేదు, అలాంటప్పుడు సగం నమ్మి సగం తోసేయడం ఊహే అని సుప్రీంకోర్టు కొట్టేసింది.

బెంచి_క్లర్కు

తీసి మళ్లీ వేసిన 5 లక్షలకు తేదీలవారీ నగదు పట్టిక కావాలి. ఐదు గడులు: తేదీ, తీసినది, వేసినది, ఇంటి ఖర్చు, చేతిలో నిల్వ. నిల్వ ఏ రోజూ సున్నా కిందికి పోకూడదు. ఇంటి ఖర్చు గడి ఖాళీగా వదిలితే పట్టిక నమ్మరు. తీసిన డబ్బు వేరేచోట ఖర్చయిందని ఏవో చూపలేకపోతే, అదే డబ్బు తిరిగి వచ్చిందన్న వివరణను ట్రిబ్యునళ్లు సాధారణంగా ఒప్పుకుంటాయి. ఎనిమిది నెలల ఎడం ఉంటే కారణం రాయాలి: పొలం బేరం కుదరలేదు, పెళ్లి వాయిదా పడింది, ఏదైతే అది, కాగితంతో.

అసలు ప్రమాదం చేబదులు 2.4 లక్షలు. 20,000 లేదా అంతకు మించిన నగదు అప్పు 269ఎస్‌ఎస్‌కు విరుద్ధం, 271డీ పెనాల్టీ అప్పు ఎంతో అంత. 78 శాతం తప్పించుకోబోయి నూటికి నూరు నెత్తిన పెట్టుకున్నట్టు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను వేయదగిన ఆదాయం ఇద్దరికీ లేకపోతే ఆ సెక్షన్ వర్తించదు. బావమరిది ఉద్యోగి అయితే ఆ మినహాయింపు లేదు. ఆయన పరిస్థితి కనుక్కోకుండా ఈ వివరణ ఒక్క అక్షరం కూడా అప్‌లోడ్ చేయకండి. అలాగని లేని కథ అల్లమనడం లేదు. నిజం చెప్పేటప్పుడు దాని పర్యవసానం తెలిసి చెప్పాలి.

జీఎస్టీ_వరంగల్

మా జీఎస్టీ వైపు ఇంకా కఠినం. సీజీఎస్‌టీ 155 ప్రకారం ఇన్‌పుట్ క్రెడిట్ అడిగేవాడిదే రుజువు భారం అని రాసే ఉంది. ఈకామ్ గిల్ కాఫీ కేసులో, 2023, కర్ణాటక వ్యాట్ 70 సెక్షన్ మీద సుప్రీంకోర్టు ఇన్వాయిస్, చెక్కు చెల్లింపు మాత్రమే చాలవని చెప్పింది. సరుకు నిజంగా కదిలిందని వాహనం నంబరు, రవాణా చార్జీ, డెలివరీ తీసుకున్న రసీదుతో చూపాలి. హియరింగ్ విషయంలో మాత్రం 75(4) గట్టిది: రాతపూర్వకంగా అడిగినా, వ్యతిరేక నిర్ణయం తీసుకోబోతున్నా వినాల్సిందే. 75(7) ప్రకారం నోటీసులో లేని మొత్తం, నోటీసులో లేని కారణం ఆర్డరులో ఉండకూడదు.

సర్కారు_జీడీపీ

నోటీసు అందలేదన్న గ్రౌండు మీద అందరూ ఎందుకు మౌనంగా ఉన్నారు? సహజ న్యాయం తప్పితే ఆర్డరు చెల్లదు కదా. టిన్ బాక్స్ కంపెనీ కేసులో, 2001, అసెస్‌మెంట్ దశలో అవకాశం ఇవ్వకపోతే అప్పీల్లో ఇచ్చిన అవకాశం దానికి బదులు కాదన్నారు.

బెంచి_క్లర్కు

ఆ కేసులో ఆఖరికి ఏమైందో కూడా చెప్పండి. మళ్లీ విచారించమని ఏవోకు తిప్పి పంపారు. వినలేదన్న గ్రౌండు గెలిస్తే దక్కేది సాధారణంగా అదే. డిమాండ్ ప్రస్తుతానికి పోతుంది, కేసు పోదు. రెండోసారి కూడా ఇవే ప్రశ్నలు, ఇదే రైతు, కాగితాలు ఇంకా పాతబడి ఉంటాయి. అడిషన్‌ను తీసేయించేది రుజువే. వినలేదన్న వాదన ఆ రుజువుకు తలుపు తెరుస్తుంది.

2024 అక్టోబరు 1 నుంచి సీఐటీ అప్పీల్స్‌కు 144 ఆర్డర్లను పక్కనపెట్టి తిరిగి అసెస్‌మెంట్‌కు పంపే అధికారం కూడా వచ్చింది. మీరు "మాకు అవకాశం ఇవ్వలేదు" అని మాత్రమే రాస్తే ఆయన రెండు పేరాల్లో తిప్పి పంపేసి చేతులు దులుపుకోవచ్చు. ప్రధాన విన్నపం అడిషన్ తొలగింపు, ప్రత్యామ్నాయ విన్నపం రిమాండ్ (తిరిగి ఏవోకు పంపడం). ఈ వరుస మార్చకండి.

గడువు_గణపతి

రుజువుల దాకా వెళ్లేముందు 148 నోటీసు తేదీ చూడండి. పన్ను పడకుండా తప్పిపోయిందంటున్న ఆదాయం 50 లక్షల లోపు, కాబట్టి మూడేళ్ల గడువే. 2019-20 అసెస్‌మెంట్ ఏడాదికి అది 2023 మార్చి 31తో ముగుస్తుంది. 148ఏ (148కి ముందు వివరణ అడిగే నోటీసు) కింద జవాబుకు ఇచ్చిన రోజులు మినహాయిస్తారు, ఆ లెక్క కూడా వేయండి. తేదీ దాటి ఉంటే ఇది చట్టపరమైన గ్రౌండు, రిమాండ్‌తో సరిపెట్టేది కాదు, ఆర్డరే నిలబడదు. ఫారం 35లో లేకపోతే 250(5) కింద అదనపు గ్రౌండుగా పెట్టవచ్చు, వదిలేయడం కావాలని చేసింది గాని, అసమంజసమైంది గాని కాదని ఆయన్ను ఒప్పించాలి.

నోటీసు అందలేదన్నది కూడా వట్టి మాటగా కాకుండా చూపాలి. పోర్టల్‌లో ఈ-ప్రొసీడింగ్స్ పేజీలో ప్రతి నోటీసు ఏ మెయిల్‌కు వెళ్లిందో తీసుకోండి. ఆ మెయిల్ ఎవరిది, ఎప్పటి నుంచి వాడటం లేదు, తపాలాలో ఏదైనా వచ్చిందా, ఇవన్నీ అఫిడవిట్‌లో.

పైసా_పైసా

రిటర్ను వేయనివాళ్లకు ఇంకో గుంట ఉంది: 249(4)(బి). అప్పీలుదారు అడ్వాన్స్ టాక్స్‌గా కట్టాల్సినంత మొత్తం కట్టకపోతే అప్పీలు విచారణకే రాదు. వ్యవసాయ ఆదాయం తప్ప వేరేది లేదంటే కట్టాల్సిన అడ్వాన్స్ టాక్స్ సున్నా. ఆ ముక్క విడిగా రాయాలి. కింద, ఒకవేళ కట్టాల్సి ఉందని భావిస్తే ఈ షరతు నుంచి మినహాయించండి అని కారణాలతో విన్నపం చేర్చండి, చట్టమే అందుకు వీలిచ్చింది. ఈ రెండు వాక్యాలు లేక గుమ్మంలోనే ఆగిపోయే అప్పీళ్లు తక్కువేం కాదు.

పల్నాడు_పద్దు

అసెస్‌మెంట్‌లో ఒక్క కాగితం కూడా ఇవ్వలేదు. ఇప్పుడు కొత్తగా పెడితే తీసుకుంటారా?

బెంచి_క్లర్కు

రూల్ 46ఏ దరఖాస్తు వేస్తేనే. కాగితాలు ఊరికే అప్‌లోడ్ చేసి వదిలేస్తే "కొత్త సాక్ష్యం, అంగీకరించలేదు" అని ఒక వాక్యం రాసి ముగిస్తారు. రూల్‌లో నాలుగు సందర్భాలున్నాయి: ఏవో తీసుకోవాల్సిన సాక్ష్యాన్ని తోసిపుచ్చడం, ఏవో అడిగిన సాక్ష్యాన్ని తగిన కారణం వల్ల ఇవ్వలేకపోవడం, గ్రౌండుకు సంబంధించిన సాక్ష్యాన్ని తగిన కారణం వల్ల పెట్టలేకపోవడం, తగినంత అవకాశం ఇవ్వకుండా ఆర్డరు వేయడం. మీకు చివరి మూడూ వర్తిస్తాయి. ప్రతి కాగితానికి ఎదురుగా అది ఏ జమను, ఏ తేదీని రుజువు చేస్తుందో, ఏ సందర్భం కింద అడుగుతున్నారో ఒక పట్టికలో రాయండి. అఫిడవిట్, పేజీ నంబర్లున్న పేపర్ బుక్ జత చేయండి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. సీఐటీ అప్పీల్స్ కొత్త కాగితాలు చూసి, ఏవోకు పంపకుండా, నేరుగా అడిషన్ తీసేస్తే సంబరపడకండి. 46ఏ(3) ప్రకారం ఏవోకు పరిశీలించే అవకాశం ఇవ్వాలి. ఇవ్వకపోతే డిపార్ట్‌మెంటు అప్పీలుకు వెళ్లి ఆర్డరును తిప్పి పంపించుకోగలదు. ఢిల్లీ హైకోర్టు మనీష్ బిల్డ్‌వెల్ కేసులో, 2011, ఇదే జరిగింది. రిమాండ్ రిపోర్టు తెప్పించమని మీరే అడగండి, నకలు మీకు ఇమ్మని, దానికి జవాబుకు గడువు ఇమ్మని అదే కాగితంలో రాయండి.

కౌలు_కాగితం

రిమాండ్‌లో ఏవో కమీషన్ వ్యాపారికి 133(6) నోటీసు (సమాచారం అడిగేది) ఇచ్చి, ఆయన "మాకు ఈ రైతు తెలియదు" అని రాస్తే? నగదు వ్యాపారం కాబట్టి ఒప్పుకోవడానికి భయపడతాడు.

సర్కారు_జీడీపీ

అప్పుడు క్రాస్ ఎగ్జామినేషన్ అడగాలి. కిషిన్‌చంద్ చెల్లారాం కేసు, 1980: మద్రాసు నుంచి బొంబాయికి పంపిన 1,07,350 రూపాయల మీద బ్యాంకు మేనేజరు రాసిన ఉత్తరాలే ఆధారం. అసెసీకి వాటిని చూపించి ఎదుర్కొనే అవకాశం ఇవ్వలేదు కాబట్టి అవి సాక్ష్యంగా పనికిరావన్నారు. ఆండమాన్ టింబర్ కేసు, 2015, ఎక్సైజుదే అయినా పన్ను కేసులన్నిట్లో వాడుతున్నారు: ఎవరి వాంగ్మూలం మీద ఆర్డరు నిలబడిందో వాళ్లను ప్రశ్నించనివ్వకపోతే ఆర్డరే చెల్లదు.

బెంచి_క్లర్కు

రెండు హద్దులు చెప్పాలి. ఆ వాంగ్మూలమే ఆర్డరుకు ఆధారమై ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంటు, అడంగల్ తేడా, తేదీల తేడా మీద ఆర్డరు నిలబడితే ఆ వాంగ్మూలాన్ని పక్కనపెట్టినా అడిషన్ మిగులుతుంది. రెండోది, వ్యాపారి పేరు చెప్పింది మీరే. ఆయన మీ సాక్షి అని, మీరే తెచ్చుకోండని డిపార్ట్‌మెంటు అంటుంది. జవాబు: 131 కింద సమన్లిచ్చే అధికారం ఆఫీసరుకే ఉంది, ఆ అధికారం వాడమని రాతపూర్వకంగా అడిగాం. అడిగిన కాగితం రికార్డులో లేకపోతే పై బెంచిలో ఈ హక్కు గురించి మాట్లాడటానికి ఏమీ ఉండదు.

వ్యాపారిని అడగాల్సింది కూడా ముందే అనుకోండి: ఆ తక్‌పట్టీ పుస్తకం మీదేనా, ఆ వరుస నంబరు మీ పుస్తకంలో ఎవరి పేరు మీద ఉంది, ఆ రోజు మార్కెట్ సెస్సు ఎన్ని క్వింటాళ్లకు కట్టారు. మూడో ప్రశ్నకు మార్కెట్ కమిటీ రికార్డు నుంచి జవాబు దొరుకుతుంది, వ్యాపారి నోటితో పనిలేదు.

జీఎస్టీ_వరంగల్

ఒక్కో తక్‌పట్టీ 2 లక్షల లోపు ఉందా? 269ఎస్‌టీ.

తక్‌పట్టీ

అవును, అది చూడాలి. ఒకే రోజు ఒకే వ్యాపారి నుంచి, లేదా ఒకే లావాదేవీకి, 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకుంటే ఇబ్బందే. రైతు తన పంటను 2 లక్షల లోపు నగదుకు అమ్ముకుంటే చిక్కులేదని 2017 నవంబరులోనే సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల బోర్డు) సర్క్యులర్ ఇచ్చింది.

గడువు_గణపతి

వీడియో హియరింగ్ గురించి ఒకటి. 2020 ఫేస్‌లెస్ అప్పీలు పథకంలో (ముఖాముఖి లేకుండా ఆన్‌లైన్‌లో అప్పీలు నడిపేది) అది ఆఫీసరు దయ. 2021 డిసెంబరు 28 పథకంలో అప్పీలుదారు అడిగితే ఇవ్వాల్సిందే. అడగడమంటే సబ్‌మిషన్ చివర ఒక వాక్యం కాదు, హియరింగ్ విన్నపం విడిగా పెట్టండి, పెట్టిన రుజువు దాచుకోండి. హియరింగ్‌లో చెప్పిందంతా ఆ రోజే రాసి మళ్లీ అప్‌లోడ్ చేయండి, నోటిమాట ఆర్డరులో కనిపించదు.

పల్నాడు_పద్దు

డిమాండ్ కోసం ఖాతా అటాచ్ చేస్తారేమో.

పైసా_పైసా

220(6) కింద ఏవోకు స్టే దరఖాస్తు వేయండి. 2017 జులై 31 మెమో ప్రకారం సాధారణంగా 20 శాతం కట్టమంటారు. వడ్డీ కలపకుండా చూస్తే 2,27,760. అంతకన్నా తక్కువకు స్టే ఇవ్వకూడదని లేదని ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ కేసులో, 2018, సుప్రీంకోర్టు చెప్పింది. కట్టలేని స్థితికి బ్యాంకు స్టేట్‌మెంటు, పంట రుణం బాకీ జత చేయండి. ఏవో ఒప్పుకోకపోతే ప్రిన్సిపల్ కమిషనర్ దగ్గరికి.

సర్కారు_జీడీపీ

ఆర్డరు పాక్షికంగా వస్తే? మిర్చి, విత్‌డ్రాయల్ ఒప్పుకుని చేబదులు మాత్రం నిలబెడితే 2.4 లక్షల మీద 78 శాతం, 1,87,200. అందుకోసం ట్రిబ్యునల్‌కు వెళ్లాలా?

బెంచి_క్లర్కు

గుంటూరు, పల్నాడు కేసులు విశాఖ బెంచికి. గడువు ఇప్పుడు ఆర్డరు అందిన నెల చివరి నుంచి రెండు నెలలు: జూన్ 10న అందితే ఆగస్టు 31 దాకా. ఏవో నిర్ణయించిన ఆదాయంలో 1 శాతం ఫీజు, గరిష్ఠం 10,000. మీకు 14,600 వస్తుంది కాబట్టి 10,000 కట్టాలి. 1,87,200 కోసం వెళ్లవచ్చు, కానీ వాస్తవాల మీద అదే ఆఖరి మెట్టు, హైకోర్టులో చట్టపరమైన ముఖ్య ప్రశ్నకే చోటు. బావమరిది అఫిడవిట్, ఆయన పొలం కాగితాలు, ఆయన ఖాతాలో ఆ డబ్బు తీసిన తేదీ ఇప్పుడే 46ఏలో పెట్టేయండి. ట్రిబ్యునల్లో కొత్త కాగితానికి రూల్ 29 ఉంది గాని, సీఐటీ అప్పీల్స్ దగ్గర ఎందుకు పెట్టలేదన్న ప్రశ్నకు అక్కడ "మెయిల్ చూడలేదు" అన్న జవాబు చెల్లదు.